స్వెట్టరు ఎడమ చెయ్యి

మొదటి పెట్టె మూత తీసి, మెత్తయ్య ఎడమ చెయ్యి లోపల పెట్టి ఊరుకున్నాడు. రంపపు పొట్టు మీద అరచెయ్యి వెల్లకిలా తెరిచి ఉంది. ముంజేతి మీద వదులుగా వేలాడుతున్న బూడిదరంగు స్వెట్టరు అంచు పొట్టుకు తగులుతోంది. మూలన ముడుచుకుని ఉన్న తెల్ల ఎలుక ముందు ముక్కు కదిలించింది. తరవాత మీసాలు. కాసేపటికి ఒక కాలు ముందుకు వేసి, అరచెయ్యి వాసన చూసి, దాని మీదుగా నడిచి స్వెట్టరు చేతిలోకి దూరింది. అది మోచేతి వంపు దాకా వెళ్ళి చుట్టుకుని పడుకునేవరకూ ఆగి, అతను చెయ్యి మడిచి పొట్టకు ఆనించుకున్నాడు. లోపలికి వెలుతురు పోకుండా కుడి అరచేత్తో పైనుంచి కప్పాడు.

వేళ్ళకు పల్చటి రబ్బరు తొడుగులు ఉన్నాయి. అవి వేసుకోవాలని ఆఫీసు నియమం. ఎలుకలకు మాత్రం వేళ్ళతో పని లేదు, స్వెట్టరుతోనే పని. గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు కాబట్టి దాన్ని వేసుకోవడానికి అతనికి అనుమతి ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట భార్య అల్లిన స్వెట్టరు అది. కుడి చెయ్యి ఇంకా అల్లినప్పటిలాగే బిగువుగా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం ఎలుకలు దూరీ దూరీ సాగిపోయి, ఏనుగు తొండంలా వేలాడుతుంది. మణికట్టు దగ్గర అవి కొరికేసిన చోటల్లా ఆమె దొరికిన ఊలుతో మళ్ళీ అల్లింది. ఒకచోట పచ్చ, ఒకచోట మెరూను.

లోపల ఎలుకకు భయం తీరితే పళ్ళు మెల్లగా నూరుకుంటుంది. పక్కింట్లో కుట్టుమిషను తిరుగుతున్నట్టు ఆ కదలిక అతని చేతికి సన్నగా తెలుస్తుంది. అది తెలిసేదాకా ఎలుకను కింద పెట్టడు. ఈ రోజు ఎంతసేపు నిలుచున్నా తెలియలేదు. ఎలుక తప్పేం లేదు. పొద్దుటినుంచి తన తలలోనే ఏదో రొద. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ చూసుకున్నాడు. అప్పుడు అందింది. మిషను తిరుగుతోంది.

"వెళ్ళు తల్లీ," అని దాన్ని పొట్టులో దింపి మూత వేశాడు. మూత తిరగేసి వేశానని రెండో పెట్టె దగ్గరికి వెళ్ళాకగాని గమనించలేదు.

నిన్న సాయంత్రం, పెట్టెలు కడిగే గదిలో సబ్బునీళ్ళ మీద కాలు జారి వెనక్కి పడ్డాడు. తల వెనకభాగం సింకు అంచుకు కొట్టుకుంది. ఒక్క క్షణం గది ఆరిపోయి మళ్ళీ వెలిగినట్టయింది. లేచి ముందుగా చేసిన పని, ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూడటం. ఎవరూ లేరు. తల తడుముకుంటే చేతికి తడి తగల్లేదు. రక్తం రాలేదు, పీడా పోయింది అనుకున్నాడు. ఇంకొకరు జారకుండా నేలంతా పొడిగుడ్డతో తుడిచి ఇంటికి వెళ్ళాడు.

ఆ పరిశోధనశాల పై అంతస్తులో జరిగే పనంతా బయటికి రక్తం రాని దెబ్బల గురించే. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. కాని అది ఎలుకల సంగతి.

అతను ఈ పనిలోకి వచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ అందరూ నవ్వుతారు. మొదట్లో నేల తుడవడానికి వచ్చాడు. ఒకరోజు ఒక ఎలుక పెట్టెలోంచి తప్పించుకుంటే గదిలో ఉన్న పెద్దలందరూ బల్లలెక్కారు. చీపురు పట్టుకుని వచ్చిన ఇతను, కొట్టడానికి మనసొప్పక, నేల మీద కూర్చుని చెయ్యి చాపాడు. అది వచ్చి చొక్కా చేతిలోకి దూరింది. బల్ల మీదున్న పెద్దాయన కిందికి దిగకుండానే ఇతనికి ఉద్యోగం మార్చేశాడు. గేటు దగ్గర కాపలా కాసే అతను ఆ రోజే మెత్తయ్య అని పేరు పెట్టాడు. అసలు పేరు జీతం ఇచ్చే రోజు తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఉన్న ఎలుకలు డాక్టరమ్మవి. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. వయసులో మెత్తయ్యకు కూతురంత ఉంటుంది. పని మొదలుపెట్టిన కొత్తలో, టీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తను చేస్తున్నదేమిటో అతనికి విడమరిచి చెప్పింది. రక్తం ఒంట్లో అన్ని చోట్లకూ ఒకేలా పోతుంది గాని మెదడు దగ్గర మాత్రం కాపలా ఉంటుందట. అక్కడి సన్నటి రక్తనాళాల గోడలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయట. మెదడుకు కావలసినదాన్ని మాత్రం రానిచ్చి, తక్కినదాన్ని బయటే నిలబెడతాయట. తలకు గట్టి దెబ్బ తగిలితే ఆ అతుకులు వదులవుతాయి. రక్తంలోని నీరు మెదడులోకి ఊరుతుంది. మెదడు వాస్తుంది. పుర్రె సాగేది కాదు కాబట్టి వాచడానికి చోటుండదు.

"అప్పటికప్పుడేనా?" అని అడిగాడు మెత్తయ్య.

"ఒక్కోసారి వెంటనే. ఒక్కోసారి గంటలు పడుతుంది, రోజు కూడా పట్టొచ్చు. ఆ సమయంలోనే ఏమైనా చెయ్యగలమా అని నా తాపత్రయం."

ఆ అతుకుల్ని వదులు చేసేవి చాలా ఉన్నాయట. వాటిలో సెరొటోనిన్ అనేదాని మీద ఆమెకు అనుమానం. అది ఒంట్లో తయారయ్యేదే. దెబ్బ తగిలినప్పుడు ఎక్కువవుతుంది. అది తయారు కాకుండా కొన్ని ఎలుకలకు ముందే మందు ఇస్తుంది, కొన్నిటికి ఇవ్వదు. మత్తిచ్చి అన్నిటికీ ఒకే దెబ్బ, తరవాత రక్తంలోకి నీలం రంగు. గోడ నిలిస్తే మెదడు తెల్లగానే ఉంటుంది. కారితే నీలమవుతుంది.

"కాని భయపడినా అది ఎక్కువవుతుంది బాబాయిగారూ. బెదిరిపోయిన ఎలుక నా చేతికొస్తే, గోడ కారింది దెబ్బవల్లో భయంవల్లో నేనెలా చెప్పను? నొప్పి తెలియకుండా మత్తిస్తాను. భయానికి మాత్రం నా దగ్గర మందు లేదు. మీరే ఉన్నారు."

మామూలు రోజుల్లో అది ఏం చేస్తుందని అతను అడిగాడు. నిద్రలో, ఆకలిలో, మనసు కుదురుగా ఉండటంలో దాని చెయ్యి ఉంటుందని ఆమె చెప్పింది. ఆ మాట అతన్ని చాలా రోజులు వదల్లేదు. మనసుకు కుదురునిచ్చేదే కష్టం వచ్చిన రోజున తలుపు గడియ తీస్తుందంటే దేవుడు ఏం ఆలోచించి అలా పెట్టినట్టు? పొద్దున్నే పెట్టెల ముందు చేతులు జోడించేటప్పుడు ఆ ప్రశ్న కూడా కలిపి అడిగేవాడు. జవాబు రాలేదు. రాలేదని ఆయన మీద కోపమూ రాలేదు. ప్రతి విడత ఎలుకలకూ అతను కోరేది ఒక్కటే. స్వామీ, ఎలాగూ పోయే ప్రాణాలు, వృథాగా పోనివ్వకు, భయంతో పోనివ్వకు.

రేపు ఉదయం ఈ విడతకు ఆపరేషన్లు. ఈ రోజే ఆఖరి మచ్చిక.

అందుకే పొద్దున ఇంట్లో గొడవ. తల దువ్వుకుంటూ అతను ఒక్కసారి ముఖం చిట్లించడం భార్య అద్దంలో చూసింది. వెనకనుంచి వచ్చి చెయ్యి పెట్టేసరికి నిమ్మకాయంత బొప్పి చేతికి తగిలింది. కడిగే గదిలో తల తగిలిందన్నాడు. పడ్డానని అనలేదు. ఆమె లోపలికి వెళ్ళి నొప్పుల మందు డబ్బా తెచ్చి మూత తిప్పుతుంటే, అతను గదికి అవతలి గోడ దాకా వెనక్కి జరిగాడు.

"వద్దు. ఆ వాసనకు అవి నన్ను దగ్గరికి రానివ్వవు."

"ఎలుకలకు నచ్చదంటారు. ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి ఏది నచ్చుతుందో ఎప్పుడైనా అడిగారా?"

"నీకు నేను నచ్చాను కదా. ఇంకేం కావాలి?"

"అప్పుడు నాకు వయసు లేదు, తెలివీ లేదు," అని ఆమె డబ్బా మూసింది.

ఆమె అన్నదాంట్లో నిజముంది. ఈ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లోకి వాసన సబ్బు రాలేదు. పౌడరు రాలేదు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఎవరైనా పలకరిస్తే, మా ఇంట్లో ఏమైనా కొనాలంటే ఎలుకలనడగాలి అని ఆమె నవ్వేది. ఒకసారి తమ్ముడి పెళ్ళికి వెళ్ళి సెంటు రాసుకుని వస్తే, అది పోయేదాకా ఇతను ముందుగదిలో పడుకున్నాడు. దాన్ని ఆమె ఇప్పటికీ నలుగురిలో చెప్పి అతన్ని తలదించుకునేలా చేస్తుంది. ఉద్యోగం అయిపోయిన మర్నాడే ఊళ్ళో ఉన్న వాసన సబ్బులన్నీ తెచ్చి నీ ముందు పోస్తానని అతను మాటిచ్చాడు. ఆ రోజు ఇంకెంతో దూరం లేదు.

"పోనీ ఆసుపత్రిలోనైనా చూపించుకోండి."

"రేపు మధ్యాహ్నం వెళ్తా. ఎలుకలన్నీ డాక్టరమ్మ చేతికి వెళ్ళిపోయాక."

ఆసుపత్రికి వెళ్తే ఒళ్ళంతా స్పిరిటు వాసన పట్టుకుంటుంది. ఆ వాసన అంటే ఎలుకలకు సూది. ఇన్ని రోజుల మచ్చికా ఒక్క పూటలో నీళ్ళపాలవుతుంది. ఇదంతా ఆమెకు చెప్పనక్కరలేదు, ఆమెకు తెలుసు. అందుకే ఇంకేమీ అనకుండా అన్నం డబ్బా చేతికిచ్చింది. చెప్పులు వేసుకునేటప్పుడు అతను గోడ పట్టుకోవడం మాత్రం గుమ్మంలో నిలబడి చూసింది.

పదకొండింటి టీకి బయటికి వచ్చేసరికి ఎండ కళ్ళలో గుచ్చుకుంది. గేటు దగ్గర స్టూలు మీద కాపలా అతను కూర్చుని ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"ఏం బావా, నడక మారింది? ఎలుకలు గానీ తాగించాయా?"

మెత్తయ్య నవ్వి పక్కన కూర్చున్నాడు. టీ రెండు గుక్కలు తాగాడో లేదో గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. కాపలా అతను నీళ్ళు పట్టుకొచ్చి, అతను ముఖం కడుక్కునేదాకా ఏ హాస్యమూ ఆడలేదు. తరవాత నిలదీశాడు. అతని దగ్గర దాచడం మెత్తయ్యకు ఎప్పుడూ చేతకాలేదు. నిన్న పడ్డ సంగతి చెప్పేశాడు.

"రోడ్డు దాటితే ఆసుపత్రి. లే, నేను తీసుకెళ్తా."

"ఒక్క ఎలుక మిగిలింది బావా. మొండిది. అదొక్కటీ చేతికి వస్తే వెళ్ళిపోదాం."

"రాకపోతే?"

రాకపోతే దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. తీసేసినదాన్ని ఎవరూ పెంచుకోరు. ఎందుకూ పనికిరాకుండా ఊరికే చంపేస్తారు. అది చెప్పడానికి మెత్తయ్యకు నోరు రాలేదు. వస్తుందిలే అన్నాడు. డాక్టరమ్మతో మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. చెబితే ఆమె ఆ నిమిషమే పని ఆపించి పంపించేస్తుంది. కాపలా అతను ఒట్టు వేశాడు గాని, సాయంత్రం గేటు దాటనివ్వను, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానని బెదిరించాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలోకి వచ్చింది. తలుపు చప్పుడు కాకుండా తెరవడం, లోపల గొంతు తగ్గించడం ఆమె ఇతని దగ్గరే నేర్చుకుంది. అతను స్టూలు మీద కూర్చుని, కుడిచేత్తో తల పట్టుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మొండిదాని పెట్టెలో ఉంది.

"బాబాయిగారూ, ఒంట్లో బాగాలేదా?"

"నిద్ర చాల్లేదమ్మా."

ఆమె అతని ముఖం చూసింది. అతనెప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఈ రోజు ఇంకాస్త నెమ్మదిగా ఉన్నాడని ఆమెకు అనిపించింది గాని, రేపటి పని తలలో తిరుగుతుండటంవల్ల ఆ ఆలోచన అక్కడ నిలవలేదు. మొండిదాని గురించి అడిగింది. సాయంత్రానికి రాకపోతే వదిలేద్దామంది. వదిలేయడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ పెట్టె వైపే చూశారు.

"వస్తుందమ్మా. దీనికి ఎవరి మీదా నమ్మకం లేదు, అంతే. తొందరేముంది?"

ఆమె వెళ్ళిపోయింది. అతను తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవలేదు.

మొండిది మిగతావాటికంటే చిన్నది. ఒక చెవి అంచు చిరిగి ఉంటుంది. చెయ్యి పెట్టగానే నీటి సీసా కిందికి పోయి, వీపు గోడకు ఆనించి, అరచేతినే చూస్తూ కూర్చుంటుంది. పాత ఎలుకలవాళ్ళయితే తోక పట్టి లేపేస్తారు. మెత్తయ్య ఎప్పుడూ అలా చెయ్యలేదు. పట్టుకున్నది వేరు, వచ్చినది వేరు అంటాడు. వచ్చినదే మచ్చిక.

గదిలో గాలి మిషను రొద, అతని తలలో రొద, రెండూ కలిసిపోయాయి. మధ్యలో ఒకసారి తనెక్కడున్నాడో తెలియలేదు. చెయ్యి ఎవరిదో పెట్టెలో ఉంది. ఆ చేతికి బూడిదరంగు స్వెట్టరు ఉంది. దాని మీద మెరూను రంగు అతుకు చూడగానే, ఎండలో కూర్చుని, నోట్లో సూది పెట్టుకుని, ఇది మీ ఎలుకల నగ అని నవ్విన భార్య గుర్తొచ్చింది. గది మళ్ళీ తన చోటికి వచ్చింది.

మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎలుకలతో అతను మాట్లాడేవి పెద్ద మాటలేమీ కావు. పొద్దున భార్య అన్నది చెప్పాడు. బావ బెదిరింపు చెప్పాడు. రేపు ఆసుపత్రికి పోవాలని, సూదంటే తనకూ భయమేనని చెప్పాడు. చెబుతుండగా గొంతు పలచబడింది, మాటలు ఒకదాని మీద ఒకటి జారాయి. మొండిది మీసాలు కదిలించింది. సీసా కిందినుంచి బయటికి వచ్చింది. మళ్ళీ వెనక్కి పోయింది. ఈసారి వచ్చినప్పుడు మణికట్టు దగ్గర ఆగి, పచ్చ ఊలును కాసేపు కొరికి చూసింది. అతను కదల్లేదు. అది లోపలికి దూరింది.

మోచేతి వంపులో ఆ బరువు కుదురుకుంటున్నప్పుడు అతని కళ్ళు తడిశాయి. కుడి అరచేత్తో కప్పాడు. చాలాసేపటికి, చాలా దూరంగా, కుట్టుమిషను తిరిగింది.

గది తలుపు వేసేటప్పుడు తాళం కన్ను దొరకలేదు. రెండు కన్నాలున్నట్టు కనిపిస్తే ఒకటి వేలితో మూసి రెండోదాంట్లో పెట్టాడు. ఒంట్లోంచి చలి పుట్టుకొస్తోంది. ఎప్పుడూ బీరువాలో పెట్టి వెళ్ళే స్వెట్టరు ఈ రోజు విప్పబుద్ధి కాక, దాంతోనే బయటికి వచ్చాడు. గేటు దగ్గర బావ లేడు. సరుకు లారీ వస్తే వెనక గేటుకు పిలిచారని స్టూలు మీద కూర్చున్న కొత్త మనిషి చెప్పాడు. మెత్తయ్య కాసేపు నిలబడి రోడ్డు అవతల ఆసుపత్రి వైపు చూశాడు. రేపు పొద్దున డాక్టరమ్మ చేతికి ఒక్కొక్కదాన్ని అందించాల్సింది తనే. స్పిరిటు వాసనతో ఎలా అందిస్తాడు? ఇంటివైపు వెళ్ళే బస్సెక్కాడు.

ఇంటికి వచ్చిన మనిషిని చూడగానే భార్య చేతిలో పని వదిలేసింది. మంచం మీద పడుకోబెట్టి, స్వెట్టరు విప్పబోతే ముందు వద్దన్నాడు, తరవాత విప్పనిచ్చాడు.

"ఉతక్కు," అన్నాడు. "రేపు ఇదే వేసుకోవాలి. మొండిది వచ్చింది."

"వచ్చిందా?"

"దానంతటదే వచ్చింది."

ఆమె దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టింది. దుప్పటి కప్పింది. దీపం కళ్ళలో పడుతోందంటే ఆర్పేసింది. గంజి కాచి తెచ్చి పిలిస్తే పలకలేదు. భుజం కదిపితే కళ్ళు తెరిచాడు గాని ఆ చూపు ఆమె మీద నిలవలేదు. పక్కింటివాళ్ళు బండి తెచ్చారు. వెనక సీట్లో అతని తల ఆమె ఎడమ మోచేతి వంపులో పెట్టుకుంది. వీధి దీపాలు ఒక్కొక్కటీ ముఖం మీద పడి పోతుంటే అతను ముఖం ముడుచుకుంటున్నాడు. ఆమె కుడి అరచేత్తో అతని కళ్ళు కప్పింది. ముడత విడిపోయింది.

ఆసుపత్రిలో చెయ్యగలిగినదంతా చేశారు. తెల్లారేసరికి మెత్తయ్య లేడు.

వారం తిరిగాక డాక్టరమ్మ ఆ ఇంటికి వచ్చింది. మొదటిరోజు అందరితో పాటు వచ్చి గోడ పక్కన నిలబడి వెళ్ళిపోయింది. ఈసారి ఒక్కతే వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, మెత్తయ్య భార్య ఎదురుగా కూర్చుంది. కాపలా బావ రోజూ వచ్చి ఒట్టు సంగతి తలుచుకుని ఏడుస్తున్నాడనీ, ఓదార్చలేక తన ప్రాణం పోతోందనీ చెప్పింది. ఆ మాటకు ఇద్దరికీ కొంచెం నవ్వు వచ్చి, వెంటనే ఆగిపోయింది.

"ఆ రోజు తల పట్టుకుని కూర్చున్నారు," అంది డాక్టరమ్మ. "నేను చూశాను. నిద్ర చాల్లేదన్నారు. నమ్మేశాను. నేను చేసే పనే అది, అయినా చూడలేకపోయాను."

"నిజం చెప్పినట్టే అబద్ధం చెబుతారు ఆయన. నాతోనూ అంతే." ఆమె చీర అంచును వేలికి చుట్టుకుంది. "ముందురోజే తీసుకెళ్తే బతికేవారా అమ్మా?"

"బతికి ఉండొచ్చు. ఖచ్చితంగా చెప్పలేను. మీతో అబద్ధమాడలేను."

మెత్తయ్య భార్య తలాడించింది. ఆ జవాబును ఆమె అప్పటికే ఎన్నోసార్లు దేవుడి నోట విని ఉంటుంది.

"భయపడ్డారా?" అని డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"లేదు. నా చేతిలోనే ఉన్నారు. దారి పొడవునా పళ్ళు మెల్లగా నూరుతూనే ఉన్నారు. నొప్పేమోనని భయమేసింది నాకు."

మనుషుల్లో అది మెదడు దెబ్బతిన్నదానికి గుర్తని డాక్టరమ్మకు తెలుసు, అది ఎలుకల్లోలాంటిది కాదు. అయినా ఆమె నోట ఒక మాట వచ్చింది. "బాబాయిగారు దాన్ని కుట్టుమిషను అనేవారు." ముసలామె ముఖం ఒక్కసారి వికసించింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను చెప్పింది తప్పో ఒప్పో డాక్టరమ్మ ఆ రోజుకీ, తరవాత కూడా తేల్చుకోలేకపోయింది.

చెంగు దించి ముసలామే అడిగింది. "ఎలుకలెలా ఉన్నాయమ్మా?"

"ఆపరేషన్లు ఆపేశాను. సరిగ్గా తినడం లేదు. ఎవరు చెయ్యి పెట్టినా మూలకు పోతున్నాయి. చిన్నది అసలు సీసా కిందినుంచి రావడం లేదు. అలా భయంతో ఉన్నవాటి మీద పని చెయ్యలేను. అన్నిటినీ తీసేయాల్సి వస్తుంది." అడగటానికి వచ్చింది అడగలేక ఆమె గ్లాసు కింద పెట్టింది. "పని చేసినా అవి బతకవు. మీకు తెలుసు కదా."

"తెలుసు. ఆయనకూ తెలుసు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. చేతులు కడుక్కున్న చప్పుడు వినిపించింది. ఇంకా ఆ వాసన లేని సబ్బే. బయటికి వచ్చినప్పుడు చేతిలో మడత విప్పని స్వెట్టరు, సూది, చిన్న కత్తెర ఉన్నాయి.

"ఉతకొద్దన్నారు. ఉతకలేదు."

డాక్టరమ్మ చేతులు చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇదంతా ఇవ్వక్కరలేదమ్మా అంది. ఆమె విననట్టే కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని, ఎడమ భుజం దగ్గర కుట్టు వెతికింది. తను వేసిన కుట్టే. ఒక్కొక్క పోగునూ సూదిమొనతో లేపి, ఊలు తెగకుండా, ఎక్కడా పీకకుండా విప్పుతూ పోయింది. కత్తెర ఒక్కసారే వాడింది, చివరి ముడి దగ్గర. చెయ్యి విడిపోయాక దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ముఖానికి ఆనించుకుని కూర్చుంది. డాక్టరమ్మ కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయింది.

"మిగతాది నాకు," అంది ఆమె చివరికి. "ఇది వాటిది. ఎప్పుడూ వాటిదే."

గుమ్మం దాకా వచ్చి, దాన్ని సంచిలో పెట్టొద్దని, సంచి వాసన పడుతుందని, చేత్తోనే పట్టుకెళ్ళమని చెప్పింది.

మర్నాడు మొండిదాని పెట్టె మూత తీసి డాక్టరమ్మ ఆ స్వెట్టరు చేతిని పొట్టు మీద పరిచింది, మణికట్టు వైపు సీసాకు దగ్గరగా ఉండేటట్టు. మూత వేసి, దీపం తగ్గించి, అతని స్టూలు మీద కూర్చుంది. తొందరేముంది అనుకుంది. చాలాసేపటికి పొట్టు కదిలిన సవ్వడి వినిపించింది. లేచి చూస్తే సీసా కింద ఏమీ లేదు. బూడిదరంగు ఊలు మోచేతి వంపు దగ్గర కొంచెం ఉబ్బి ఉంది. మెరూను అతుకు పక్కనుంచి, సన్నటి తోక చివర బయటికి కనిపిస్తోంది.